నీటికి దారి దొరకని నేల

ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం చదివిన పదో తరగతి విద్యార్థులకు బట్టల సోడా, వంట సోడా, జిప్సం, సున్నం, పీహెచ్ కొత్త మాటలు కావు. పరీక్ష కోసం వీటిని విడివిడిగా గుర్తుపెట్టుకుంటాం. ఇవన్నీ కలిసి కనిపించే చోటు మాత్రం ప్రయోగశాల బయట ఉంది. అదే చౌడు నేల. తెలుగు పల్లెల్లో ఏ పెద్దాయనను అడిగినా చౌడంటే ఏమిటో చెబుతాడు: గింజ వేస్తే మొలవదు, మొలిచినా నిలవదు. మన జార్ఖండ్ మిత్రులకు హిందీలో చెప్పాలంటే దాని పేరు ఊసర్.

చౌడులో రకాలున్నాయి. ఈ వ్యాసంలో మనం ముఖ్యంగా ఒక రకాన్ని చూద్దాం. ఒకప్పుడు సరస్సో చెరువో నిలిచిన పల్లంలో, దాని అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రు మీద ఏర్పడి, నీరు కిందికి దిగక, క్షార గుణం పట్టిన నేల అది. దీని కథ తెలిస్తే మిగతా చౌడు నేలల సంగతి కూడా సులువుగా అర్థమవుతుంది.

మన కాసిడీహ్ మట్టి సంగతి

ముందు మన కాళ్ళ కింది మట్టిని చూద్దాం. కాసిడీహ్ పేరులోని 'డీహ్' అనే మాటను ఊరు నిలిచిన చోటుకు, సాధారణంగా కాస్త మెరకగా ఉన్న చోటుకు వాడతారు. ఛోటానాగ్‌పూర్ రైతులు పొలాలను కూడా ఎత్తుపల్లాలను బట్టే పిలుస్తారు. మెరక చేను 'టాండ్', పల్లపు వరి మడి 'దోన్'. ఇక్కడ వానలు బాగా పడతాయి, నేల వాలుగా ఉంటుంది. ఏటా కురిసిన నీరు మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం వంటి వాటిని కరిగించుకుని ఖర్కయీలోకి, సువర్ణరేఖలోకి పోతుంది. ఇలా వేల ఏళ్ళు కడిగిన తరువాత మట్టిలో మిగిలేది ఎక్కువగా ఇనుము, అల్యూమినియం. అందుకే మన చుట్టుపక్కల మట్టి ఎర్రగా ఉంటుంది, మెరక నేలల్లో ఆమ్ల గుణం చూపిస్తుంది. ఇటువంటి నేలకు వైద్యం సున్నం. ఉక్కు తయారీలో మిగిలే బేసిక్ స్లాగ్‌లో కూడా సున్నం ఉంటుంది కనుక దాన్ని పొడి చేసి ఆమ్ల నేలల్లో వాడే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. ఉక్కు నగరంలో చదువుకునే మనకు ఇది ఆసక్తి కలిగించే విషయమే.

మన మెరక నేలల కష్టం ఏమిటంటే, ఉండవలసినవి కూడా కొట్టుకుపోవడం. చౌడు నేల కష్టం దీనికి సరిగ్గా ఎదురు. అక్కడినుంచి ఏదీ బయటికి పోలేదు.

సరస్సు అడుగున చేరేది ఏమిటి

వాగు నీరు వేగంగా పారేటప్పుడు గులకరాళ్ళను, ఇసుకను కూడా మోసుకువస్తుంది. సరస్సులో కలవగానే వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ఒడ్డు దగ్గరే దిగిపోతుంది. మెత్తని బంకమన్ను రేణువులు మాత్రం నీటిలో తేలుతూ మధ్యకు వెళ్ళి, నీరు పూర్తిగా నిలకడగా ఉన్న చోట మెల్లగా అడుగుకు చేరతాయి. బంకమన్ను రేణువు వ్యాసం 0.002 మిల్లీమీటర్ల కంటే తక్కువ. కంటికి కనపడని ఇంత చిన్న రేణువులు పొర మీద పొరగా పేరుకుంటే వాటి మధ్య ఖాళీలు కూడా అంతే చిన్నవిగా ఉంటాయి. ఇసుక నేలలో నీరు చూస్తుండగానే ఇంకుతుంది. సరస్సు అడుగు బంకమన్నులో అది రోజుల తరబడి నిలుస్తుంది.

పల్లం కావడం మొదటి ఇబ్బంది, బంకమన్ను కావడం రెండోది. ఈ రెండూ పుట్టుకతో వచ్చినవి. మూడోది నీటిలో కరిగి వస్తుంది.

కాల్షియం తప్పుకుంటుంది, సోడియం మిగులుతుంది

రాళ్ళు శిథిలమైనప్పుడు కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బొనేట్ నీటిలో కరుగుతాయి. ముఖ్యంగా గ్రానైట్, నైస్ రాళ్ళలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం నుంచి సోడియం విడుదలవుతుంది. ఈ నీరు పల్లానికి చేరి, బయటికి దారి లేక, ఎండకు ఆవిరైపోతుంది. నీరు మాత్రమే ఆవిరవుతుంది, లవణాలు మిగిలిపోతాయి.

నీరు చిక్కబడే కొద్దీ ముందుగా కాల్షియం కార్బొనేట్ గడ్డకట్టి అడుగుకు దిగుతుంది, ఎందుకంటే అది నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. అటువంటి నేలల్లో తవ్వితే కనిపించే తెల్లటి సున్నపు గడ్డలు ఇవే. హిందీలో వీటిని కంకర్ అంటారు. ఆ తరువాత మెగ్నీషియం కూడా చాలావరకు తప్పుకుంటుంది. చివరికి నీటిలో మిగిలేది సోడియం, దానితోపాటు కార్బొనేట్, బైకార్బొనేట్. సోడియం కార్బొనేట్ అంటే బట్టల సోడా. సోడియం బైకార్బొనేట్ అంటే వంట సోడా. ఈ నేలల పీహెచ్ 8.5 దాటి, ఒక్కోచోట 10కి కూడా చేరడానికి ముఖ్య కారణం ఈ సోడాయే.

నీరు నిలిచిన బురదలో ఇంకో పని కూడా జరుగుతుంది. గాలి అందని చోట కొన్ని బాక్టీరియాలు సల్ఫేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని బతుకుతాయి. అందులో సల్ఫైడ్, బైకార్బొనేట్ తయారవుతాయి. బురదను కెలికితే వచ్చే కుళ్ళిన గుడ్ల వాసన ఈ సల్ఫైడ్‌దే. అంటే మురుగు నిలవడం వల్ల కూడా క్షారం పెరుగుతుంది.

ఈ సోడాను మన పెద్దలు ఎప్పుడో గుర్తించారు. సబ్బులు రాకముందు చాకలివారు వేసవిలో నేల మీద పొంగిన చౌడు మన్నును ఊడ్చి తెచ్చి, నీళ్ళలో కలిపి బట్టలు ఉడకబెట్టేవారు. రసాయన నామం తెలియకపోయినా మురికిని ఏది వదిలిస్తుందో వారికి తెలుసు. రైతుకు పనికిరాని నేల వారికి పనికొచ్చింది.

మట్టి ముద్ద ఎందుకు విడిపోతుంది

అసలు నష్టం ఇక్కడ మొదలవుతుంది. బంకమన్ను రేణువుల మీద రుణావేశం ఉంటుంది. కనుక ధనావేశం ఉన్న కాల్షియం, సోడియం అయాన్లు వాటిని అంటిపెట్టుకుని ఉంటాయి. కాల్షియం అయాన్‌కు రెండు ధనావేశాలు. అది పక్కపక్క రేణువులను దగ్గరకు లాగి పట్టుకుంటుంది. అలా చేరిన రేణువులు చిన్న చిన్న గుళికలుగా మారతాయి. గుళికల మధ్య సందుల్లోంచి నీరు, గాలి, వేరు పోగలుగుతాయి.

సోడియం అయాన్‌కు ఒకే ధనావేశం. అదీకాక చుట్టూ నీటి అణువులను మందంగా కప్పుకుని ఉంటుంది. అది రేణువులను గట్టిగా పట్టుకోలేదు. తడి తగలగానే గుళికలు విడిపోయి పాలలా నీటిలో కలిసిపోతాయి. విడిపోయిన రేణువులు సందుల్లోకి దిగి వాటిని పూడ్చేస్తాయి. ఇక నీరు దిగదు. వాన పడితే మడిలో బురద నీరు రోజుల తరబడి నిలుస్తుంది, జానెడు లోతున మట్టి పొడిగానే ఉంటుంది. ఎండితే పైన పెంకు కట్టి రాయిలా బిగుస్తుంది.

అంటే ఇది తిరిగి తిరిగి వచ్చే వలయం. నీరు దిగకపోవడం వల్ల సోడియం పేరుకుంటుంది. సోడియం పేరుకోవడం వల్ల నీరు ఇంకా దిగదు. ఈ వలయాన్ని ఎక్కడ తెంచాలి అన్నదే రైతు ముందున్న ప్రశ్న.

పాల చౌడు, కారు చౌడు

తెలుగు రైతులు చౌడును రంగును బట్టి రెండుగా చెప్పారు. నేల మీద తెల్లగా ఉప్పు పొంగితే అది పాల చౌడు. నల్లగా జిడ్డు కారినట్టు ఉంటే కారు చౌడు. శాస్త్రం కూడా దాదాపు ఇదే విభజన చేసింది. అమెరికాలోని లవణ నేలల ప్రయోగశాల 1954లో ప్రచురించిన కొలతలను ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. దాని ప్రకారం పాల చౌడులో కరిగే ఉప్పులు ఎక్కువ, కానీ పీహెచ్ 8.5 లోపే. కారు చౌడులో కరిగే ఉప్పులు తక్కువ, పీహెచ్ 8.5 పైన. దానిలో మట్టి రేణువులు పట్టుకున్న అయాన్లలో సోడియం వాటా 15 శాతం మించి ఉంటుంది. రెండు గుణాలూ కలిసిన నేలలు కూడా ఉంటాయి.

కారు చౌడుకు నలుపు ఎందుకు? మట్టిలోని కుళ్ళిన ఆకు అలముల సారం, అంటే హ్యూమస్, క్షారంలో కరుగుతుంది. నీటితోపాటు పైకి వచ్చి, నీరు ఆవిరయ్యాక నల్లటి పూతగా మిగులుతుంది.

మొక్క మీద దెబ్బ అనేక వైపుల నుంచి పడుతుంది. నీరు నిలిచి వేళ్ళకు ఆక్సిజన్ అందదు. పీహెచ్ ఎక్కువ కావడంతో జింకు, ఇనుము మట్టిలో ఉన్నా కరగవు. లేత ఆకులు పాలిపోతాయి. వరిలో జింకు లోపం ముందుగా బయటపడుతుంది. చల్లిన యూరియాలోని నత్రజని కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. రైతు డబ్బు పెట్టి కొన్న ఎరువు మొక్కకు చేరకముందే పోయిందన్నమాట.

కొల్లేరు నుంచి మెక్సికో దాకా

సరస్సు అడుగు నేల అంటే తెలుగువారికి ముందు గుర్తుకు వచ్చేది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో అది ఉంది. రెండు నదులూ తెచ్చిన ఒండ్రుతో డెల్టాలు సముద్రంలోకి పెరుగుతూ పోగా, వెనక మిగిలిన పల్లం సరస్సయింది. బుడమేరు, తమ్మిలేరు వంటివి దీనిలోకి వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. ఆ పేరులోనే సంగతి ఉంది. వేసవిలో సరస్సు మట్టం తగ్గినప్పుడు సముద్రపు పోటుతో ఉప్పు నీరు ఈ ఏటి గుండానే ఎగువకు వస్తుంది. కొల్లేరు నేలంతా కారు చౌడు అనుకోకూడదు. ఏటా వరద వచ్చి కడుగుతుంది, దారి ఒకటైనా ఉంది. ఆ దారి ఎంత విలువైనదో దీన్ని బట్టి తెలుస్తుంది. చేపల చెరువుల గట్లు ప్రవాహానికి అడ్డుపడినప్పుడు ముంపు పెరిగింది. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించింది.

దారి అసలే లేని సరస్సు ఎలా ఉంటుందో చూడాలంటే మెక్సికో వెళ్ళాలి. మెక్సికో నగరం పక్కన టెస్కోకో అనే సరస్సు ఉండేది. చుట్టూ కొండలు, నడుమ పళ్ళెం లాంటి పల్లం. సహజంగా బయటికి పోయే నది లేదు. అక్కడి ఆజ్టెక్ ప్రజలు సరస్సులోని దీవి మీద రాజధాని కట్టుకున్నారు. మంచి నీటిలో ఉప్పు నీరు కలవకుండా 15వ శతాబ్దంలోనే పొడవైన కట్ట వేశారు. తరువాత వచ్చిన స్పెయిన్ పాలకులు వరదల భయంతో 17వ శతాబ్దంలో కాలువలు తవ్వి సరస్సును ఎండగట్టడం మొదలుపెట్టారు. నీరు పోయింది, సోడియం నిండిన బంకమన్ను మిగిలింది. ఆ నేలలో పీహెచ్ 10 దాకా ఉంటుంది. ఏ మొక్కా మొలవని ఆ అడుగు నుంచి లేచిన దుమ్ము ఎన్నో ఏళ్ళు నగరాన్ని కమ్మేసేది. చివరకు చౌడును తట్టుకునే ఒక రకం గడ్డిని పెంచి దుమ్మును అదుపు చేశారు. 1985 సెప్టెంబరు 19న భూకంపం వచ్చినప్పుడు నగరంలో ఎక్కువగా కూలినవి ఈ పాత సరస్సు అడుగు మీద కట్టిన భవనాలే. మెత్తటి ఒండ్రు ఆ ప్రకంపనలను పెంచింది. అడుగున ఏ నేల ఉందో తెలుసుకోవడం రైతు ఒక్కడికే అవసరం కాదు.

సరస్సు లేకపోయినా మనిషి నీటి దారి మూసి చౌడును తెచ్చుకోగలడు. చెరువు కట్ట కింద ఊట నీరు పొలాల్లో నిలిచిపోతే, కాలువ కింద ఎడతెగకుండా నీరు పెట్టి మురుగు కాలువ తవ్వకపోతే, భూగర్భ నీటిమట్టం పైకి వస్తుంది. ఒకటి రెండు మీటర్ల లోతుకు వచ్చిందంటే, దీపం వత్తి నూనెను పీల్చినట్టు మట్టి నీటిని పైకి పీలుస్తుంది. నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మన దేశంలో చౌడు బారిన పడిన నేల సుమారు 67 లక్షల హెక్టార్లు. అందులో దాదాపు 38 లక్షలు క్షార నేలలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 2.74 లక్షల హెక్టార్లు.

దారి ముందు, మందు తరువాత

క్షార నేలకు మందు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్. ఇది రెండు పనులు చేస్తుంది. మట్టిలోని సోడియం కార్బొనేట్‌తో కలిసి దాన్ని హాని లేని కాల్షియం కార్బొనేట్‌గా, సోడియం సల్ఫేట్‌గా మారుస్తుంది. రేణువులను అంటుకున్న సోడియంను తప్పించి ఆ చోటులో కాల్షియంను పెడుతుంది. విడిపోయిన రేణువులు మళ్ళీ గుళికలుగా చేరతాయి.

ఇక్కడ మనం గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఇక్కడి మెరక చేనుకు మేలు చేసే సున్నం చౌడుకు పనికిరాదు. రెండింటిలోనూ ఉన్నది కాల్షియమే. కానీ సున్నం ఆమ్లంలో కరుగుతుంది, క్షారంలో దాదాపు కరగదు. చౌడు నేలలో సున్నపు గడ్డలు ముందే ఉన్నాయి, అయినా వాటి కాల్షియం మట్టికి అందడం లేదు. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది, పీహెచ్‌తో పని లేకుండా కరుగుతుంది. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఎవరైనా 'అక్కడ సున్నం చల్లితే బాగా పండిందట' అంటే, ముందు మట్టి పరీక్ష చేయించమని మనం చెప్పాలి. ఒక ఊరి మందు ఇంకో ఊరికి విషం కాకపోయినా ఖర్చు మాత్రం వృథా.

జిప్సం ఒక్కటే చాలదు. వదిలించిన సోడియం సోడియం సల్ఫేట్‌గా నీటిలో ఉంది. ఆ నీరు బయటికి పోకపోతే సోడియం అక్కడే ఉంటుంది. అందుకే వరుస ఇలా ఉంటుంది. మొదట పొలాన్ని చదును చేసి గట్లు వేయాలి. చుట్టూ మురుగు కాలువ తవ్వాలి. మట్టి పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం పొడిని పై మట్టిలో కలపాలి. మంచి నీరు నిండుగా పెట్టి కొన్ని రోజులు నిలిపి, మురుగు కాలువలోకి వదలాలి. ఆ తరువాత జీలుగ వేసి పూతకు రాకముందే దున్నాలి. జీలుగ చౌడును తట్టుకుంటుంది. అది కుళ్ళేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్, ఆమ్లాలు మట్టిలోని సున్నాన్ని కూడా కొంత కరిగిస్తాయి. పిమ్మట వరి, దానితో జింకు సల్ఫేట్. పొలాన్ని ఎండాకాలం ఖాళీగా వదలకూడదు, వదిలితే ఉప్పు మళ్ళీ పైకి వస్తుంది.

ఈ పద్ధతికి రూపం ఇవ్వడంలో 1969లో ఏర్పడిన హర్యానా కర్నాల్‌లోని కేంద్ర లవణీయ నేలల పరిశోధన సంస్థ పాత్ర పెద్దది. పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో లక్షల హెక్టార్ల ఊసర్ నేల ఈ దారిలోనే వరి, గోధుమ పండించే స్థితికి వచ్చింది. తెలుగు నేల మీద బాపట్ల ఈ పరిశోధనకు కేంద్రం. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో ఇండో-డచ్ పథకం కింద భూమి లోపల చిల్లుల గొట్టాలు వేసి మురుగును బయటికి తీసే ప్రయోగాలు రైతుల పొలాల్లోనే చేశారు. పైన కాలువ తవ్వితే చాలని చోట భూమి అడుగునే దారి వేయడమన్నమాట. అయితే ఒక రైతు తన పొలంలో మురుగు కాలువ తవ్వుకున్నా, కింది రైతు దారి ఇవ్వకపోతే నీరు కదలదు. జిప్సం ఎవరికి వారు కొనుక్కోవచ్చు, కాలువ మాత్రం ఊరంతా కలిసి తవ్వుకోవలసిందే.

మనం చేసి చూడగల పరీక్షలు

ఊరి నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు గుప్పెడు చౌడు మట్టి తెమ్మని అడగండి. ఇక్కడి ఎర్ర మట్టిని కూడా తీసుకోండి. రెండింటితో ఇలా చేయవచ్చు.

మొదటిది పసుపు పరీక్ష. వడపోత కాగితానికి పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టాలి. రెండు గ్లాసుల్లో చెంచాడేసి మట్టి వేసి, కొద్దిగా స్వేదన జలం కలిపి, తేరిన నీటి చుక్కను కాగితం మీద వేయాలి. క్షారం గట్టిగా ఉంటే పసుపు ఎర్రబారుతుంది. పెళ్ళిళ్ళలో పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేది ఇందువల్లే. మన ఎర్ర మట్టి నీటికి పసుపు రంగు మారకూడదు.

రెండోది గడ్డ పరీక్ష. ఎండిన మట్టి గడ్డను గ్లాసెడు స్వేదన జలంలో మెల్లగా వదిలి, కదపకుండా రెండు గంటలు చూడాలి. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే అందులో సోడియం ఎక్కువగా ఉన్నట్టు. ఇప్పుడు నీటిని కలిపి బురదగా చేసి, రెండు గ్లాసుల్లో సగం సగం పోయండి. ఒక దానిలో చిటికెడు జిప్సం వేసి కలపండి. జిప్సం దొరకకపోతే నల్లబల్ల మీద రాసే చాక్‌పీసు పొడి వాడి చూడవచ్చు. మన దేశంలో చాక్‌పీసులను ఎక్కువగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేస్తారు, అది నీటితో కలిసి జిప్సంగా మారుతుంది. మర్నాటికి జిప్సం వేసిన గ్లాసులో మట్టి అడుగుకు చేరి నీరు తేటపడుతుంది. రెండో గ్లాసు ఇంకా మురికిగానే ఉంటుంది.

ఈ రెండు గ్లాసులను పక్కపక్కన పెట్టి చూస్తే కాల్షియం ఏం చేస్తుందో తరగతి అంతటికీ తెలుస్తుంది. అయితే జిప్సం వేసిన గ్లాసులో సోడియం ఎక్కడికీ పోలేదు, పైన తేటగా ఉన్న నీటిలోనే ఉంది. ఆ నీటిని వంచి పారబోస్తేనే మట్టికి దాని పీడ వదులుతుంది. గ్లాసును మనం చేత్తో వంచగలం. పొలంలో ఆ పని చేసేది మురుగు కాలువ.